ముందు ఆకలి, తర్వాత రంగు

"అక్కా, మన నాటకం సారు పోయినాడంట."

ఆటో నడుపుతూ, అద్దంలో నా మొహం చూస్తూ చెప్పాడు మా వీధి పిల్లవాడు. పిల్లవాడని అలవాటు కొద్దీ అంటున్నాను, వాడికి యాభై దాటాయి. ఎర్రగొండపాలేనికీ మార్కాపురానికీ మధ్య ఆటో తిప్పుతాడు.

"ఎప్పుడంట?"

"పదైదు దినాలైంది. కనిగిరి నుంచి వచ్చినాయన చెప్పినాడు. మధ్యాన్నం అన్నం తిని పండుకున్నాడంట, మళ్ళ లేయలేదంట."

కొంత దూరం పోయాక వాడే నవ్వి, "తినే పోయినాడులే అక్కా, ఆకలితో పోలేదు" అన్నాడు. అని, మెడలోని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆటోలో ఉన్న మిగతా ఇద్దరికీ వాడు నవ్విందెందుకో, తుడుచుకున్నదెందుకో తెలియలేదు. తెలియాలంటే ఆ మనిషి గురించి చెప్పాలి.

ఆయన క్రిస్మస్‌కు నెల ముందు మా పల్లెకు వచ్చేవాడు. మాది నల్లమల అంచున ముప్పై గడపల పల్లె. ఎకరా అరెకరా చేను ఉన్నా అందరం కూలికి పోయేవాళ్ళమే, అందరిదీ ఒకటే చర్చి. పండగకు నాటకం వేస్తామని మగపిల్లలు పట్టుబడితే పెద్దలు ఆయన్ని పిలిపించారు. ఆడవేషాలు కూడా మగపిల్లల చేతే వేయించేవాడు. చేతిలో పుస్తకం ఉండేది కాదు. నాటకం అక్కడికక్కడ, మా పిల్లల్ని కూర్చోబెట్టి కట్టేవాడు. ఆయన పేరు చెప్పను. మేమెవరం ఆ పేరుతో పిలవలేదు. పిల్లలకు సారు, మాకు అన్న.

నాకు నాటకాలు గిట్టవు. ఆ మాట దాచను. పగలంతా పత్తి తీసి నడుం నొప్పి, కాలు నొప్పి అనే పిల్లలు చర్చి ముందర మాత్రం అలుపు లేకుండా ఎగిరేవాళ్ళు. పైగా సారుకు ఇంటికొక పూట అన్నం పెట్టాలి, వంతులవారీగా. నా వంతు వచ్చిన రోజున నేను సంతోషంగా వడ్డించానని చెబితే అది అబద్ధం.

మనిషి సన్నగా ఉండేవాడు. మెడ కాస్త ముందుకు వంచి, ఎదుటివాళ్ళు ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు నిలబడేవాడు. తినేటప్పుడు కూర బాగుందనడు, బాగాలేదనడు. మూడు ముద్దలు తింటాడు, తలెత్తి ఒక ప్రశ్న అడుగుతాడు. ప్రతి ఇంట్లోనూ అంతే. మా పక్కింటావిడను, "మంచం కింద గొడ్డలి ఎందుకు పెట్టుకున్నావు చెల్లే?" అని అడిగాడు.

"దొంగలొస్తే పనికొస్తాదని."

"దొంగలు దేనికోసం వస్తారు నీ ఇంటికి?"

ఆవిడ ఇల్లంతా ఒకసారి కలయజూసి, "నిజమే అన్నా, గొడ్డలికోసమే రావాల" అంది. ఆ మాట పల్లెంతా నెల రోజులు చెప్పుకుని నవ్వింది. కానీ ఆయన నవ్వలేదు. ఆవిడ మొగుడు తాగి వచ్చే రోజుల్లోనే గొడ్డలి మంచం కిందికి చేరుతుందని రెండు రోజుల్లో కనుక్కున్నాడు. కనుక్కుని ఎవరికీ చెప్పలేదు. భుజం మీది తువ్వాలు కొసకు ఒక ముడి వేసుకున్నాడు.

ముడులు ఆయన అలవాటు. కాగితం మీద రాసుకునేవాడు కాదు. గుర్తుంచుకోవాల్సింది ఏదైనా దొరికితే తువ్వాలుకు ముడి పడేది. నాటకంలో ఎవరి నోట్లోనో ఆ సంగతి పెట్టిన రోజున ఆ ముడి విప్పేవాడు. నెల తిరిగేసరికి తువ్వాలు సగం పొట్టిదయ్యేది. "ఇందులో నా ముడి ఏది అన్నా?" అని ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళే గానీ ఆయన కనపడగానే ఇంట్లో సామాను ఒకసారి చూసుకునేవాళ్ళు.

అందరికీ నచ్చే మనిషి కాదు. చర్చి అయ్యగారినే అడిగాడు, "ప్రార్థన చేసేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్క వరసనే చూస్తారు, ఎందుకు సార్?" అని. కుడి పక్కన ఆయన మీద ఫిర్యాదులు రాసే పెద్దమనిషి కూర్చుంటాడని మా అందరికీ తెలుసు. తెలిసినా అడిగినవాడు లేడు. వెలిగండ్ల దిక్కు ఏదో ఊళ్ళో ఇట్లాంటి ప్రశ్నకే చెంపదెబ్బ తిన్నాడని విన్నాం. ఆయనకు పెళ్ళాం బిడ్డలు ఉన్నారో లేరో మాత్రం మాకు తెలియదు. ఒకసారి నేనే అడిగాను. "ఇంకో ముద్ద పెట్టు, చెప్తా" అన్నాడు. పెట్టాను. తిని చేయి కడుక్కున్నాడు.

దీపాలు పెట్టే వేళకు పిల్లల్ని చర్చి ముందర వరసగా కూర్చోబెట్టేవాడు. పక్కన ఆయన రంగుల సంచి ఉండేది. తెల్లటి సఫేదా, ఎర్రటి ఇంగిలీకం, కాటుక. పిల్లల కళ్ళన్నీ ఆ సంచి మీదే. దాని ముడి మాత్రం విప్పేవాడు కాదు. "ముందు ఆకలి చెప్పండ్రా, తర్వాత రంగు" అనేవాడు.

మొదటి ఏడు ఈ మాట ఎవరికీ ఎక్కలేదు. భూస్వామి వేషం కట్టే పిల్లవాణ్ణి లేపి అడిగాడు.

"నీకు ఆకలేందిరా?"

"లేదు సార్. ఇప్పుడే రెండు ముద్దలు సంగటి తిని వచ్చినా."

అందరూ పడీ పడీ నవ్వారు.

"నీ కడుపు గాదురా. నీ వేషం కడుపు. వాడికి ఏం గావాల?"

"పక్కోని చేను గావాల సార్."

"ఎందుకంట?"

"చెడ్డోడు గదా సార్."

"చెడ్డోడని నువ్వు చెప్పబాక. అది చూసేవాళ్ళు చెప్పుకుంటారు. చేను ఎందుకో చెప్పు."

"దురాశ సార్."

"దురాశ ఎట్లుంటాదో నాకు తెలీదు. ఏ అంగట్లోనూ చూళ్ళేదు. వాడు పొద్దున లేస్తానే ఏం చూస్తాడు, ఏం ఇంటాడు, అది చెప్పు."

పిల్లవాడు కాలి బొటనవేలితో నేల గీకుతూ నిలబడ్డాడు. సారు తొందరపెట్టలేదు. ఆయన తొందరపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చాలాసేపటికి పిల్లవాడు నేలను చూస్తూనే అన్నాడు.

"ఆ చేన్లో నీళ్ళుండాయి సార్. మా నాయన మూడు బోర్లు ఏయించినాడు. మూడిట్లోనూ దుమ్మే లేసినాది. గట్టవతలాయనకు మొదటి బోరుకే నీళ్ళు పడినాయి. పొద్దున లేస్తానే ఆ మోటరు సప్పుడు ఇనపడతాది సార్. మా నాయన దుప్పటి ముసుగు పెట్టుకుంటాడు."

అది వేషం సంగతి కాదు, వాళ్ళింటి సంగతి. అక్కడున్న అందరికీ తెలుసు. నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. "కూచో" అన్నాడు సారు. "నీకు ఆకలి దొరికింది. రేపు రంగు ఏస్తా."

ఆ ఏడు నాటకంలో భూస్వామి పక్కవాడి మోటారు చప్పుడు వినపడినప్పుడల్లా ముసుగు పెట్టుకున్నాడు. తిట్టిపోద్దామని కూర్చున్న జనానికి నోరు రాలేదు. అలాగని వాడు చేసింది ఒప్పు అని కూడా ఎవరూ అనలేదు. చేను లాక్కోవడం తప్పే. కానీ ఆ తప్పు ఏ దారిన వచ్చిందో కళ్ళతో చూశారు. "ఊరకనే చెడ్డోడు ఉండడు చెల్లే. ఊరకనే మంచోడు అసలుకే ఉండడు" అనేవాడు ఆయన. నాటకాలు గిట్టకపోయినా ఆ మాట నా చెవిలో నిలిచిపోయింది.

మూడో ఏడు నా దాకా వచ్చింది.

నన్ను ఊళ్ళో పిసినారి అంటారు. అననీ. అగ్గిపుల్లను బ్లేడుతో నిలువునా రెండు చేస్తాను. చింతపండు ఒక్కసారి పిసికి పారేయను. పప్పు పల్చగా కాస్తాను. ఇవి నేను దాచేవి కావు. దాచింది ఒకటే, మా పొయ్యి పక్కన.

మా చర్చి ఆడవాళ్ళం ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం దేవుడికి ఇస్తాం. అన్ని ఇళ్ళలోనూ ఆ కుండ ఒకటి ఉంటుంది. మా ఇంట్లో రెండు ఉండేవి. రెండో కుండలో నూకలు అని చెప్పేదాన్ని. నూకలు కావు, బియ్యమే. నా చెల్లెలికి.

అది మా సంఘం కాని ఇంటి పిల్లవాణ్ణి, గొర్రెలు మేపుకునేవాణ్ణి ఇష్టపడి చేసుకుంది. మా నాయన చర్చిలో లేచి నిలబడి, నాకు ఒక్కతే కూతురు అని చెప్పాడు. ఆ వారమే మా అత్త నన్ను పొయ్యి ముందు నిలబెట్టి, "దాని పేరు ఈ ఇంట్లో ఇనపడిందంటే నీ పెట్టె బయట ఉంటాది" అంది. మా అత్త అన్నమాట మీద నిలబడే మనిషి. తర్వాత రెండేళ్ళకు చెల్లెలి మొగుడు కొండరాళ్ళ మీద జారి నడుం విరిగి మంచాన పడ్డాడు. వైద్యానికి గొర్రెలన్నీ అమ్ముకున్నారు. అప్పటి నుంచి రెండో కుండ. నెలకొకసారి మార్కాపురం బస్టాండులో దానికి ఆ మూట ఇచ్చేదాన్ని. ఇద్దరం పక్కపక్కన నిలబడి వేరే దిక్కు చూస్తూ మాట్లాడుకునేవాళ్ళం. నా మొగుడికి కూడా తెలియదు.

ఆ ఏడు నాటకంలో ఒక పిసినారి ఇల్లాలు ఉంది. ఆ వేషం కట్టింది ఇప్పుడు ఆటో నడిపే ఈ పిల్లవాడే. ఒకరోజు నీళ్ళ బిందె పట్టుకుని చర్చి మీదుగా వస్తుంటే నవ్వులు వినపడ్డాయి. వాడు కొంగు నెత్తిన వేసుకుని, అగ్గిపుల్ల కంటి దగ్గర పెట్టుకుని చీలుస్తున్నాడు. "చీల్చినా, చీల్చినా, ఇంకా ఒక పుల్లలో నాలుగు పండగలు ఉండాయి" అంటున్నాడు. నా గొంతే. ఆడవాళ్ళు నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడే నా వంతు. సారుకు వసారాలో ఆకు వేశాను. ముంగిట్లో మా అత్త మేకకు రొట్ట విరిచి వేస్తోంది.

"నన్ను ఆడిస్తా ఉండావంట గదా అన్నా."

"నేను ఆడించలా. ఆ పిల్లోడే పట్టుకొచ్చినాడు. నవ్వు బానే వచ్చింది."

"నవ్వుకోనీ. నవ్వితే నాకేం అరిగిపోదు."

"నాకు అరుగుతాది చెల్లే. నాటకంలో ఆమెకు ఆకలి లేదు. ఆకలి లేని మనిషిని జనంలోకి తోలితే కుక్కపిల్ల తోకకు డబ్బా గట్టి తరిమినట్టు ఉంటాది."

మూడు ముద్దలు తిన్నాడు. తలెత్తి, తలుపు సందులోంచి పొయ్యి వైపు చూశాడు.

"ఒక కుండ దేవునిది. రెండోది ఎవరిది?"

"నూకలు."

"నూకలకు మూత మీద రాయి ఎందుకంట?"

"ఎలకలు."

"దేవుని బియ్యానికి రావా ఎలకలు?"

ముంగిట్లో మేక మెడ గంట వినపడుతోంది. గడప దగ్గర కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాను.

"అన్నా, నీకు దండం పెడతా. ఆ కుండ జోలికి రాబాక. అది నాటకంలోకి వచ్చిందంటే నా పెట్టె బయట పడతాది."

ఆయన తినడం ఆపాడు. "నీది నాకు వద్దు. నీ కాడే పెట్టుకో. ఆ వేషానికి వేరే ఆకలి ఇయ్యి" అన్నాడు.

"నేనెందుకు ఇయ్యాల? నాటకం నీది."

"నేను అగ్గిపుల్ల ఎప్పుడూ చీల్చలా. నాకెట్ల తెలుస్తాది?"

ఆయన్ని తొందరగా పంపించాలని నోటికొచ్చింది చెప్పాను. "బర్రె కొనుక్కోవాలని అనుకో."

"తేలిక."

"బంగారం."

"ఇంకా తేలిక."

"బిడ్డ చదువుకు."

"అది మంచి కారణం. అందుకే వద్దు. మంచి కారణం చెప్తే జనం తలకాయ ఊపి మర్చిపోతారు. ఈ ఆడమనిషికి ఒక్కదానికే ఉండేది చెప్పు."

నాకు కోపం వచ్చింది. "అగ్గిపుల్ల చీలిస్తే దానికింత కత ఉండాల్నా?"

"ఉండాల. ఆమె పుట్టినప్పటి నుంచి చీలుస్తా ఉందా? మొదటి పుల్ల చీల్చిన దినం ఒకటి ఉంటాది గదా. దానికి ముందు దినం ఏం జరిగింది?"

అలా నన్నెవరూ అడగలేదు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు. నోరు తెరిచేదాకా నాకు ఆ సంగతి గుర్తుందనే తెలియదు.

వానలు లేని ఏడు. నాకు ఎనిమిదేళ్ళు. నా బడి ఆగిపోయింది కూడా ఆ ఏడే. మా అమ్మ నాకు ఇత్తడి గిన్నె ఇచ్చి, సజ్జలు అడిగి తెమ్మని ఒక ఇంటికి పంపింది. వాళ్ళు కసురుకోలేదు, మాకే లేవమ్మా అన్నారు. తిరిగి రావాలంటే వీధి పొడుగునా అరుగుల మీద జనం. ఖాళీ గిన్నె చేతిలో ఊగితే అందరికీ తెలిసిపోతుంది. అందుకని గిన్నె మీద గుడ్డ కప్పాను. చంకన పెట్టుకుని, బరువున్నట్టు ఒక పక్కకు వాలి నడిచాను. ఎవరికీ తెలియకుండా ఇల్లు చేరాను. వాకిట్లోనే చెల్లెలు ఎదురుపడింది. నవ్వుకుంటూ గుడ్డ లాగేసి, గిన్నెలో అడుగుదాకా చేయి పెట్టింది. ఏడవలేదు. తలెత్తి, "ఎక్కడ దాచిపెట్టినావక్కా?" అంది.

నా దగ్గర లేదని దానికి తోచనే లేదు. అక్క ఎక్కడో దాచే ఉంటుంది అనుకుంది.

చెప్పడం అయ్యేసరికి సారు చేతికి అన్నం ఎండిపోయింది. ఆయన తువ్వాలుకు ముడి వేయలేదు. "ఇది చాలు" అన్నాడు.

"చెల్లెలు వద్దు. ఆ పిల్లను తీసెయ్."

"చెల్లెలు లేకుంటే గుడ్డ లాగేదెవరు?"

నా కళ్ళు పొయ్యి పక్కకు పోయాయి. ఆయన రెండో కుండ వైపు ఒకసారి చూశాడు, నా వైపు చూశాడు. "తమ్ముణ్ణి పెడతా" అన్నాడు. అంతకు మించి ఒక్క ప్రశ్న వేయలేదు. అన్నీ అడిగే ఆ మనిషి అక్కడ ఆగడం నాకిప్పటికీ కళ్ళ ముందుంది.

మా అత్త రొట్ట చేతులు దులుపుకుంటూ వచ్చింది. "ఏంది గుసగుస? కోడలికి గూడా ఏషం కడతావా?"

"లేదు పెద్దమ్మా. సంగటి ఎట్ల కెలకాల్నో చెప్తా ఉంది."

"దాని కాడ నేర్చుకుంటే నువ్వు ఇంకా సన్నబడతావు" అని లోపలికి పోయింది.

కరెంటును నమ్ముకోలేక ఆ ఏడు నాటకం పండగ మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పెట్టారు. షామియానా కింద ఉక్కకు పిల్లల మొహాల మీది సఫేదా కారి మెడల్లోకి దిగుతోంది. నేను చాప మీద మా అత్త పక్కన కూర్చున్నాను. పిసినారి ఇల్లాలు వచ్చింది, అగ్గిపుల్ల చీల్చింది, చింతపండు పిప్పిని ఎండలో ఆరేసింది. జనం నా వైపు తిరిగి తిరిగి నవ్వారు. నేను తల దించుకున్నాను.

నాటకం సగం దాటాక ఆ ఇల్లాలి మొగుడు అరిచాడు. "ఎందుకే నీకీ పీనాసితనం? ఏం తక్కువైంది నీకు?" ఇల్లాలు గిన్నె తీసుకుంది. గుడ్డ కప్పింది. చంకన పెట్టుకుని, పక్కకు వాలి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఒక పసివాడు ఎదురొచ్చి గుడ్డ లాగాడు. చేయి పెట్టాడు. "ఎక్కడ దాచిపెట్టినావక్కా?" అన్నాడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నా వెనక నుంచి ఎవరో "అయ్యో తల్లీ" అనడం విన్నాను. సారు గుంజ పక్కన నిలబడి జనాన్ని చూస్తున్నాడు, వేదికను కాదు. నన్ను మాత్రం చూడలేదు.

ఇంటికి నడిచి వచ్చాక మా అత్త గడప దగ్గర ఆగింది.

"నీకు తమ్ముడు లేడు గదా మే?"

"అది నాటకం గదత్తా."

"నాటకమేలే. చంకలో ఏమీ లేకున్నా అట్ల వాలి నడిచేది మన వీధిలో నువ్వొక్కతివే." చెప్పులు విడిచి, "మీ చెల్లెలు ఎట్లుంది?" అంది.

నాలుగేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట వినపడడం అదే మొదలు. పెట్టె ఎక్కడుందో, అందులో ఏమేం సర్దుకోవాలో కూడా నా మనసులో మెదిలింది. "మొగుడు మంచాన ఉండాడు. తిండికి లేదు" అన్నాను.

ఆమె కాళ్ళు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. "పండగపూట రమ్మనబాక, ఊరంతా చూస్తాది. మామూలు దినం రమ్మను" అని లోపలికి పోయింది.

చెల్లెలు ఒక మంగళవారం మధ్యాహ్నం బస్సుకు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. మా అత్త దాన్ని చూసి నవ్వలేదు, కూర్చోమనలేదు. ఆకు వేసి అన్నం పెట్టింది. బిడ్డకు గ్లాసులో మేకపాలు పోసి ముందు పెట్టింది.

ఈ సంగతి సారుకు చెప్పాలని ఉండేది. కానీ మరుసటి ఏడు మగపిల్లలు సగం మంది పనులకు హైదరాబాదు పోయారు, మా పల్లెలో నాటకం ఆగిపోయింది. నాలుగైదేళ్ళ తర్వాత ఒక పెళ్ళికి పోయి వస్తూ గిద్దలూరు బస్టాండులో ఆయన్ని చూశాను. సంచి ఒళ్ళో పెట్టుకుని, మెడ ముందుకు వంచి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి బాగున్నావా అని కూడా అనలేదు.

"చెల్లే, ఆ నీలం చొక్కాయనను చూడు. రెండు అరటిపండ్లు కొన్నాడు. ఒకటి తిన్నాడు, ఒకటి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకంట?"

"బిడ్డకు."

"బిడ్డకైతే చేతిలో పట్టుకుంటాడు. జేబులో నలిగిపోదా?"

పక్కన కూర్చుని అంతా చెప్పాను. మా అత్త అడిగింది, చెల్లెలు వచ్చింది, ఇప్పుడు మూట ఎవరికీ దాచకుండా పంపుతున్నాను. ఆయన సంతోషపడతాడనుకున్నాను. ఆయన అంతా విని, "మీ అత్తకు ఆకలేంది?" అన్నాడు.

"అంటే?"

"పెట్టె బయటేస్తానన్న మనిషి రమ్మనింది. ఊరకనే అంటాదా?"

"మనసు కరిగింది."

"ఆ పిల్లోడు దురాశ అన్నట్టే ఉంది ఇదీ. అందరికీ కారణం చెప్పినావు, ఆమెకు మాత్రం చెప్పలా. పోయి అడుగు."

ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది. కిటికీలోంచి కూడా, "అడుగు చెల్లే" అన్నాడు. ఆయన్ని మళ్ళీ చూడలేదు.

అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. మా అత్త వసారాలో కాళ్ళు చాపుకుని ఆముదాలు ఒలుస్తోంది.

"అత్తా, ఆ పొద్దు మా చెల్లెల్ని ఎందుకు రమ్మన్నావు?"

"ఎందుకేంది? తిండికి లేదంటివి గదా."

"తిండికి లేనిది ముందు నుంచీ ఉంది. ఆ పొద్దే ఎందుకు?"

ఆమె రెండు మూడు కాయలు ఒలిచింది. ఇక చెప్పదనుకున్నాను.

"ఆ నూకల కుండ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు మే. నూకలకూ బియ్యానికీ తేడా తెలీకుండానే ముసిల్దాన్నయినానా? ఎప్పటికైనా నువ్వే చెప్తావని చూసినా. ఒక పొయ్యి కాడ ఇన్నేండ్లు కూచుంటిమి, చెప్పలా. ఎవరో ఊరుగాని ఊరాయన వచ్చి మూడు ముద్దలు తింటే ఆయనకు చెప్పినావు."

"పెట్టె బయటేస్తానంటివి గదత్తా. ఎట్ల చెప్పేది?"

"అంటి. అని కూచున్నా. అన్నది వెనక్కి తీసుకునేది ఎట్లనో నాకు తెల్లా. నువ్వు అడిగితే తీసుకుందును. నువ్వు అడగలా."

ఆమె నా వైపు చూడలేదు. నేను పక్కన కూర్చుని ఒడిలోకి కొన్ని కాయలు తీసుకున్నాను. ఈ జవాబు సారుకు చెప్పాలని అనిపించింది గానీ, అంతకంటే ముందు ఆమెకు చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి. చెల్లెలు ఇల్లు వదిలిన రోజు దగ్గర మొదలుపెట్టి, ఒలుస్తూ ఒలుస్తూ అన్నీ చెప్పాను. రెండు చోట్ల మా అత్త నన్ను ఆపి, "అదట్ల జరగలా. నేను ఇన్నది వేరే" అంది.